నడుచుచుండగనే రూపు మారిన డిస్కుల కూటమి

ఒక కార్యాలయమున లెక్కల పుస్తకము నిండుగా వ్రాయబడి ఉన్నది. అందు పుటకు మూడు పద్దుల చొప్పున కలవు. ఇకమీదట పుటకు నాలుగు పద్దులు ఉండవలెనని ఉత్తరువు వచ్చినది. వేరొక పుస్తకము ఇచ్చినచో గుమాస్తాకు ఇది కష్టమైన పని కాదు. కాని వేరు పుస్తకము లేదు. ఉన్న పుస్తకములోనే తుడిచి తిరిగి వ్రాయవలెను. వ్రాయుచున్నంతసేపును, పద్దు చూపుమని వచ్చినవారికి చూపుచునే ఉండవలెను. నడుమ దీపము ఆరిపోయినను ఒక్క పద్దయినను పోరాదు. ఇట్టి పని సాధ్యమా?

కంప్యూటర్లలో సమాచారమును భద్రపరచు డిస్కుల కూటములను ఒక పద్ధతి నుండి మరియొక పద్ధతికి మార్చునపుడు ఎదురైన ప్రశ్న సరిగా ఇట్టిదే. ఈ ప్రశ్నకు సమాధానము దొరకుటకు యంత్రబలము కంటె గణితమే హెచ్చుగా తోడ్పడినది. ఆ గణితము కూడ ఉన్నత పాఠశాల విద్యార్థికి అందనిది కాదు.

ఒంటి డిస్కుల కాలము

అయస్కాంతపు పూత గల పళ్లెములను వేగముగా త్రిప్పుచు, వానిపై సమాచారమును వ్రాయు యంత్రమును మొదట వ్యాపారమునకు తెచ్చినది అమెరికాలోని ఐ.బి.ఎం. సంస్థ. కాలిఫోర్నియా రాష్ట్రమందలి శాన్ హోసే నగరమున రెనాల్డ్ జాన్సన్ నాయకత్వమున ఒక బృందము దీనిని నిర్మించెను. 1956 సెప్టెంబరులో ప్రకటింపబడిన రామాక్ అను కంప్యూటరుకు ఇది అంగముగా ఉండెను. ఇందు 24 అంగుళముల వ్యాసము గల పళ్లెములు 50 ఉండెడివి. అవి నిమిషమునకు 1,200 సార్లు తిరిగెడివి. ఇంత పెద్ద యంత్రమును దాచగలిగినది 50 లక్షల అక్షరములు మాత్రమే.

తరువాతి 30 సంవత్సరములలో డిస్కులు రెండు త్రోవలలో అభివృద్ధి చెందినవి. పెద్ద కంప్యూటర్ల కొరకు పెద్ద డిస్కులును, అప్పుడే వ్యాపించుచున్న వ్యక్తిగత కంప్యూటర్ల కొరకు చిన్న డిస్కులును తయారయ్యెను. 1987 నాటి రెండు డిస్కులను పోల్చి చూచినచో ఈ తేడా బోధపడును. ఐ.బి.ఎం. వారి 3380 డిస్కు పళ్లెముల వ్యాసము 14 అంగుళములు. దానిలో 7,500 మెగాబైట్ల సమాచారము పట్టెడిది. అది 24 ఘనపు అడుగుల చోటును ఆక్రమించి, 6,600 వాట్ల విద్యుత్తును వాడుకొనెడిది. కానర్ సంస్థ వారి చిన్న డిస్కు వ్యాసము మూడున్నర అంగుళములు. దానిలో పట్టునది 100 మెగాబైట్లే కాని, అది వాడుకొను విద్యుత్తు 10 వాట్లు మాత్రమే. దాని పరిమాణము ఒక ఘనపు అడుగులో నూరింట మూడు వంతులు.

కనుక 75 చిన్న డిస్కులను చేర్చినచో పెద్ద డిస్కుతో సమానమైన చోటు సమాచారమునకు దొరకును. వానికన్నిటికిని కలిపి 750 వాట్లు చాలును. అంతేకాదు, 75 డిస్కులు ఏకకాలమున పనిచేయగలవు కనుక పని వేగము కూడ మిక్కిలి పెరుగును. ఇంత లాభము కన్నుల ఎదుట ఉండగా పెద్ద డిస్కులను ఎందుకు కొనవలెను?

బర్క్లీ ప్రతిపాదన

ఈ ప్రశ్నను వేసినవారు బర్క్లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమునకు చెందిన డేవిడ్ పాటర్సన్, గార్త్ గిబ్సన్, రాండీ కట్జ్ అను మువ్వురు. 1987 డిసెంబరులో వీరు తమ ఆలోచనను విశ్వవిద్యాలయపు నివేదికగా వెలువరించిరి. 1988 జూనులో షికాగో నగరమున జరిగిన సిగ్మాడ్ మహాసభలో దానిని ప్రకటించిరి. చౌక డిస్కులతో కూర్చి, అదనపు సమాచారమును చేర్చి ఉంచిన కూటమి అని అర్థమిచ్చు ఇంగ్లీషు పేరులోని తొలి అక్షరములను కలిపి, దానికి రెయిడ్ అని పేరు పెట్టిరి. కాలక్రమమున చౌక అను మాట పోయి, స్వతంత్ర అను మాట ఆ పేరులో చేరెను.

లాభముతోపాటు ఒక పెద్ద ప్రమాదము కూడ ఉన్నదని ఈ శాస్త్రజ్ఞులే చూపిరి. ఆ చిన్న డిస్కు సగటున 30,000 గంటలు చెడకుండ పనిచేయునని తయారీదారులు చెప్పిరి. ఇది మూడు సంవత్సరములకు పైమాట. కాని అట్టివి 100 డిస్కులు ఒకచోట ఉన్నచో, వానిలో ఏదో ఒకటి చెడుటకు పట్టు సగటు కాలము అందులో నూరవ వంతు, అనగా 300 గంటలు. రెండు వారములైన గడవకముందే ఒక డిస్కు పోవును. సమాచారము డిస్కులన్నిటి మీదను పరచబడి ఉన్నప్పుడు ఒక్కటి పోయినను మొత్తమునకు ముప్పు. పది మంది మోయు పల్లకిలో ఒకడు పడినను పల్లకి ఒరిగిపోవును గదా! కావున చౌక డిస్కుల కూటమి నిలువవలెనన్నచో, పోయిన డిస్కులోని సమాచారమును మిగిలిన డిస్కుల నుండి తిరిగి రాబట్టు ఉపాయము ఉండి తీరవలెను.

సరి బేసి లెక్క

ఈ ఉపాయమునకు మూలము అంతకు పూర్వమే ఉన్నది. అమెరికాలోని బెల్ పరిశోధనాలయమున రిచర్డ్ హామింగ్ అను గణితజ్ఞుడు ఉండెను. 1947 ప్రాంతమున, సెలవు దినములలో యంత్రమునకు అప్పగించి పోయిన ఆయన లెక్కలు, ఏదో ఒక తప్పు దొరలుటచే నడుమనే నిలిచిపోవుచుండెను. తప్పు జరిగినదని గుర్తింపగల యంత్రము, ఆ తప్పు ఎక్కడ ఉన్నదో కనుగొని దిద్దుకొనజాలదా అని ఆయన ఆలోచించెను. ఫలితముగా తప్పులను దిద్దు సంకేతములను కనుగొని 1950లో ప్రకటించెను.

ఈ సంకేతములలో మిక్కిలి సులభమైన దానికి పారిటీ అని పేరు. కంప్యూటరులో సమాచారమంతయు 0, 1 అను రెండు అంకెలతో ఉండును. మూడు డిస్కులలో ఒకే స్థానమున ఈ క్రింది అంకెలు ఉన్నవనుకొందము.

మొదటి డిస్కు: 1011
రెండవ డిస్కు: 0110
మూడవ డిస్కు: 0101

వీనిని ఒకదాని క్రింద ఒకటి ఉంచి, ప్రతి నిలువు వరుసలోను 1లు ఎన్ని ఉన్నవో లెక్కింపవలెను. సరిసంఖ్య అయినచో 0, బేసిసంఖ్య అయినచో 1 వేయవలెను. అప్పుడు 1000 అని వచ్చును. దీనిని నాలుగవదియైన తనిఖీ డిస్కులో వ్రాసి ఉంచవలెను. ఇప్పుడు రెండవ డిస్కు చెడిపోయినదనుకొందము. మిగిలిన 1011, 0101, 1000 అను మూటిని అట్లే వరుసగా ఉంచి లెక్కించినచో 0110 వచ్చును. పోయినది ఇదియే. ఏ డిస్కు పోయినను ఇదే లెక్కతో దానిని రాబట్టవచ్చునని విద్యార్థులు తామే పరీక్షించి చూడవచ్చును.

ఇక్కడ ఒక సూక్ష్మము కలదు. హామింగ్ పద్ధతిలో తప్పు జరిగిన చోటును కూడ వెదకి పట్టుకొనవలెను. అందుచే తనిఖీ అంకెలు హెచ్చుగా కావలసివచ్చెను. డిస్కుల విషయమున అట్లు కాదు. ఏ డిస్కు చెడినదో దానిని నడుపు యంత్రాంగమే తెలుపును. చోటు తెలిసినప్పుడు విలువను కనుగొనుటకు ఒక్క తనిఖీ డిస్కు చాలును.

ఈ ఊహ బర్క్లీలోనే తొలిసారి పుట్టినదని చెప్పరాదు. ఐ.బి.ఎం. సంస్థలోని నార్మన్ కెన్ ఔచి అను ఇంజనీరు, చెడిన నిల్వ భాగములోని సమాచారమును తిరిగి పొందు పద్ధతికి 1977లో దరఖాస్తు పెట్టి, 1978లో పేటెంటు పొందెను. ఇట్టి పద్ధతులన్నిటిని ఒక క్రమమున వర్గీకరించి, ప్రతిదాని లాభనష్టములను లెక్కలతో చూపి, అందరికిని ఒకే పరిభాషను ఏర్పరచుట బర్క్లీ వారి ఘనత.

అయిదు స్థాయిలు

వారు కూటములను అయిదు స్థాయిలుగా విభజించిరి. స్థాయి సంఖ్య హెచ్చినకొద్దీ భద్రత హెచ్చునని భావింపరాదు. అవి అయిదు వేర్వేరు అమరికలు మాత్రమే.

ఒకటవ స్థాయిలో ప్రతి డిస్కునకు అద్దములోని బింబమువలె మరియొక డిస్కు ఉండును. ఇది సులభమైనది, కాని సగము చోటు వ్యయమగును. రెండవ స్థాయిలో హామింగ్ సంకేతమును వాడుదురు. మూడవ స్థాయిలో ఒక్క తనిఖీ డిస్కు ఉండును. డిస్కులన్నియు కలిసి ఒకేసారి పనిచేయును. నాలుగవ స్థాయిలో సమాచారమును పెద్ద ఖండములుగా విభజించి ఒక్కొక్క ఖండమును ఒక్కొక్క డిస్కులో ఉంచుటచే, వేర్వేరు డిస్కులు వేర్వేరు కోరికలను ఏకకాలమున తీర్చగలవు.

కాని నాలుగవ స్థాయిలో ఒక ఇబ్బంది కలదు. ఏ ఖండమును మార్చినను తనిఖీ ఖండమును కూడ మార్చవలెను. అందుకొరకు పాత ఖండమును చదువుట, పాత తనిఖీని చదువుట, క్రొత్త ఖండమును వ్రాయుట, క్రొత్త తనిఖీని వ్రాయుట అను నాలుగు పనులు జరుగును. తనిఖీ డిస్కు ఒక్కటే గనుక ఎవరు ఏది వ్రాసినను దాని ముంగిట నిలువవలసివచ్చును. అయిదవ స్థాయిలో తనిఖీ ఖండములను ఒకే డిస్కులో ఉంచక, మొదటి వరుసకు ఒక డిస్కులోను, రెండవ వరుసకు మరియొక డిస్కులోను, ఇట్లు వంతులవారీగా త్రిప్పి ఉంచుదురు. భారము అందరికిని సమానమగును. అందుచే ఈ అయిదవ స్థాయియే విశేషముగా ప్రచారములోనికి వచ్చెను. తనిఖీ ఏమియు లేక సమాచారమును డిస్కులపై పరచుటను సున్న స్థాయి అనుట తరువాత వచ్చిన వాడుక.

100 డిస్కుల సమాచారమును పదేసి డిస్కుల గుంపులుగా విభజించి, ఒక్కొక్క గుంపునకు ఒక తనిఖీ డిస్కు వంతున చేర్చినచో మొత్తము 110 డిస్కులగును. చెడిన డిస్కును ఒక గంటలో మార్చి, సమాచారమును తిరిగి నింపగలిగినచో, నష్టము వాటిల్లుటకు పట్టు సగటు కాలము సుమారు 8,20,000 గంటలని బర్క్లీ వారు లెక్క కట్టిరి. 300 గంటలు ఎక్కడ, 90 సంవత్సరములకు మించిన కాలమెక్కడ! 1989లో వారు 28 డిస్కులతో మొదటి నమూనాను నిర్మించిరి. డేవిడ్ పాటర్సన్ తరువాత, జాన్ హెన్నెస్సీతో కలిసి కంప్యూటరు నిర్మాణమున చేసిన వేరొక కృషికి, 2017 సంవత్సరపు ట్యూరింగ్ బహుమానమును పొందెను.

కాలము తెచ్చిన చిక్కు

పై లెక్కలో "ఒక గంటలో" అను మాటను గమనింపవలెను. 1987 నాటి ఆ చిన్న డిస్కు సెకనుకు ఒక మెగాబైటు చొప్పున చదువగలిగెడిది. 100 మెగాబైట్లను ఆసాంతము చదువుటకు 100 సెకనులు చాలును. నేటి డిస్కు ఒకటి 20 టెరాబైట్లు గలదై, సెకనుకు 250 మెగాబైట్లు చదువునదని అనుకొందము. దానిని ఆసాంతము చదువుటకు 80,000 సెకనులు, అనగా 22 గంటలకు పైగా పట్టును. డిస్కులు పెద్దవైనంత త్వరితముగా వాని చదువు వేగము పెరుగలేదు. చెడిన డిస్కును తిరిగి నింపు ఈ సుదీర్ఘ కాలమున రెండవ డిస్కు చెడినచో అయిదవ స్థాయి కూటమి సమాచారమును కాపాడజాలదు.

మరియొక ప్రమాదము కూడ కలదు. డిస్కు మొత్తముగా చెడకపోయినను, అక్కడక్కడ ఒక ఖండము చదువరాక పోవచ్చును. సాధారణమైన డిస్కులలో ఒకటి ప్రక్కన 14 సున్నలు ఉంచినంత సంఖ్య గల బిట్లను చదువులోపల అట్టి తప్పు ఒకటికి మించి రాదని తయారీదారులు చెప్పుచుందురు. ఎనిమిది బిట్లు ఒక బైటు గనుక ఇది పన్నెండున్నర టెరాబైట్లకు సమానము. 4 టెరాబైట్ల డిస్కులు అయిదు ఉన్న కూటమిలో ఒకటి చెడినచో, మిగిలిన నాలుగింటిలోని 16 టెరాబైట్లను తప్పు లేకుండ చదువవలెను. తయారీదారులు చెప్పునది గరిష్ఠ పరిమితి. చాల డిస్కులు అంతకంటె మేలుగానే పనిచేయును. అయినను విలువైన సమాచారమును అదృష్టమునకు వదలుట వివేకము కాదు.

ఇందుకు తోడు, బియాంకా ష్రోడర్ అను శాస్త్రజ్ఞురాలును, బర్క్లీ మువ్వురిలో ఒకడైన గార్త్ గిబ్సనును కలిసి, పనిలో ఉన్న సుమారు లక్ష డిస్కుల వివరములను పరిశీలించి 2007లో ప్రకటించిరి. తయారీదారుల లెక్క ప్రకారము సంవత్సరమునకు నూటికి ఒకటికన్న తక్కువ డిస్కులు చెడవలెను. వాస్తవముగా సామాన్యముగా నూటికి రెండు మొదలు నాలుగు వరకును, కొన్నిచోట్ల 13 వరకును మార్చవలసివచ్చినట్లు తేలెను. ఇరువది సంవత్సరముల క్రిందట తయారీదారుల సంఖ్యను ఆధారముగా గైకొని లెక్క కట్టినవారిలో ఒకరే ఆ సంఖ్యను పరీక్షకు పెట్టుట గమనింపదగినది. శాస్త్రము తన్ను తాను దిద్దుకొను తీరు ఇట్టిది.

రెండు డిస్కులు పోయినను నిలుచునట్టి ఆరవ స్థాయికి ఈ విధముగా ప్రాముఖ్యము కలిగెను. తెలియని రాశులు రెండు ఉన్నప్పుడు రెండు సమీకరణములు కావలెనని బీజగణితము చదివిన ప్రతి విద్యార్థికిని తెలియును. మూడు డిస్కులలో 4, 7, 2 అను సంఖ్యలు ఉన్నవనుకొందము. మొదటి తనిఖీ వాని మొత్తము, అనగా 13. రెండవ తనిఖీకై మొదటి సంఖ్యను 1చే, రెండవదానిని 2చే, మూడవదానిని 3చే హెచ్చించి కూడవలెను. అప్పుడు 4 + 14 + 6 = 24 వచ్చును. ఇప్పుడు మొదటి డిస్కును, మూడవ డిస్కును పోయినవి. మిగిలిన 7ను బట్టి, ఆ రెండు సంఖ్యల మొత్తము 6 అనియు, మొదటిదానికి మూడవదాని మూడు రెట్లు కలిపినచో 10 అనియు తెలియును. తీసివేయగా మూడవ సంఖ్య 2, మొదటిది 4 అని తేలును. యంత్రములలో సామాన్య సంఖ్యలకు మారుగా, 1832లో 20 సంవత్సరముల ప్రాయముననే మరణించిన ఫ్రెంచి గణితజ్ఞుడు ఎవరిస్త్ గాల్వా సిద్ధాంతము ననుసరించిన పరిమిత సంఖ్యా క్షేత్రమును వాడుదురు. సూత్రము మాత్రము ఇదియే.

మార్చుట ఎట్లు?

ఒక సంస్థ రెండు డిస్కులతో, బింబ పద్ధతిలో పని ప్రారంభించును. సమాచారము పెరిగి అయిదవ స్థాయి కావలసివచ్చును. డిస్కులు పెద్దవై ప్రమాదము పెరుగగా ఆరవ స్థాయికి పోవలసివచ్చును. బహుకాలము దీనికి ఒక్కటే మార్గము ఉండెను. సమాచారమునంతయు వేరొక చోటికి ఎత్తి, కూటమిని విప్పి, క్రొత్తగా కట్టి, తిరిగి నింపవలెను. ఇందుకు అంతే చోటు గల వేరొక నిల్వ కావలెను. అంతవరకు పని ఆగవలెను.

కూటమి పనిచేయుచుండగనే సమాచారము ఒక స్థాయి నుండి మరియొక స్థాయికి పోవచ్చునని చూపిన పరిశోధనలలో ముఖ్యమైనది హ్యూలెట్ పాకర్డ్ సంస్థకు చెందిన జాన్ వైల్క్స్, ఆయన సహచరులు 1995లో ప్రకటించిన ఆటోరెయిడ్. ఇందు తరచుగా మారు సమాచారము బింబ పద్ధతిలోను, అరుదుగా మారునది అయిదవ స్థాయిలోను ఉండును. వాడుకను బట్టి యంత్రమే సమాచారమును అటునిటు తరలించును. కాని ఇది ప్రత్యేకముగా నిర్మింపబడిన యంత్రము. సామాన్యమైన కూటమి మొత్తమును నిలిచిన చోటనే మార్చు ప్రశ్న మిగిలియే ఉండెను.

లినక్సు అను ఉచిత నిర్వహణ వ్యవస్థలో తొలుత ఇందుకై రెయిడ్‌రీకాన్ఫ్ అను ఉపకరణము ఉండెను. దానిని నడుపునపుడు కూటమిని పని నుండి తప్పింపవలెను. నడుమ విద్యుత్తు పోయినచో సమాచారము దక్కుట అరుదు. ఈ లోపమును తీర్చుటకు ఆస్ట్రేలియాకు చెందిన నీల్ బ్రౌన్ కృషి చేసెను. ఆయన వ్రాసిన భాగములతో, 2006లో వెలువడిన లినక్సు 2.6.17 కెర్నెల్ నందు, పనిచేయుచున్న అయిదవ స్థాయి కూటమికి డిస్కును చేర్చి విస్తరింపజేయు సౌకర్యము ఏర్పడెను.

అది జరుగు తీరును పరిశీలింతము. నాలుగు డిస్కుల కూటమిలో ప్రతి అడ్డు వరుసకు మూడు సమాచార ఖండములు, ఒక తనిఖీ ఖండము ఉండును. అయిదవ డిస్కును చేర్చినచో వరుసకు నాలుగు సమాచార ఖండములగును. వరుసలు ఇట్లు మారవలెను.

పాత మొదటి వరుస: 1, 2, 3. క్రొత్తది: 1, 2, 3, 4.
పాత రెండవ వరుస: 4, 5, 6. క్రొత్తది: 5, 6, 7, 8.
పాత మూడవ వరుస: 7, 8, 9. క్రొత్తది: 9, 10, 11, 12.
పాత నాలుగవ వరుస: 10, 11, 12. క్రొత్తది: 13, 14, 15, 16.

మొదటి వరుసను క్రొత్త రీతిని వ్రాయుచుండగా విద్యుత్తు పోయినదనుకొందము. కొన్ని డిస్కులలో క్రొత్త ఖండము, కొన్నిటిలో పాత ఖండము ఉండును. 1, 2, 3 ఖండములకు వేరొక ప్రతి లేదు. సమాచారము చెడినట్లే. రెండవ వరుస వ్రాయునపుడు 5, 6 ఖండములకును, మూడవ వరుస వ్రాయునపుడు 9వ ఖండమునకును ఇట్టి అపాయమే కలదు. కాని నాలుగవ వరుసను చూడుడు. అక్కడ చెరిగిపోవు 10, 11, 12 ఖండములు క్రొత్త మూడవ వరుసలో భద్రముగా చేరియున్నవి. వ్రాయవలసిన 13 మొదలు 16 వరకు గల ఖండములు క్రింది పాత వరుసలలో చెక్కుచెదరక ఉన్నవి. ఇప్పుడు విద్యుత్తు పోయినను నష్టము లేదు. అచ్చటినుండి ముందుకు పోయినకొద్దీ పాత భాగమునకును క్రొత్త భాగమునకును నడుమ ఖాళీ పెరుగుచునే ఉండును.

దీనిని సామాన్య సూత్రముగా చెప్పవచ్చును. పాత వరుసలో క సమాచార ఖండములు ఉండగా, ఒక డిస్కు చేర్చినచో క + 1 అగును. వ అను వరుసలో పాత రీతిని చివరి ఖండము సంఖ్య క × వ. క్రొత్త రీతిని మొదటి ఖండము సంఖ్య (క + 1) × (వ − 1) + 1. దీనిని విప్పగా క × వ + వ − క అగును. ఇది క × వ కంటె పెద్దదైననే అపాయము లేదు. అనగా వ విలువ క కంటె పెద్దది కావలెను. కాబట్టి మొదటి క వరుసలు మాత్రమే అపాయకరము. లక్షల కొలది వరుసలు గల కూటమిలో మూడు వరుసలకే ప్రత్యేక రక్షణ చాలును! ఆ కొద్ది వరుసల సమాచారమును ముందుగా క్రొత్త డిస్కు చివరనో, కూటమికి వెలుపలనో ప్రతి వ్రాసి ఉంచి పని ప్రారంభింతురు. పని ఎంతవరకు వచ్చినదో అప్పుడప్పుడు డిస్కుల మీదనే గుర్తు వ్రాయుదురు. విద్యుత్తు పోయి తిరిగి వచ్చినపుడు ఆ గుర్తునుండి పని సాగును. ఎవరైన ఒక ఖండమును కోరినచో, అది గుర్తునకు ఇవతల ఉన్నచో క్రొత్త రీతిని, అవతల ఉన్నచో పాత రీతిని వెదకి ఇత్తురు. సరిగా మారుచున్న చోటనే ఉన్నచో క్షణకాలము ఆగుమందురు. ప్రతి వరుసకును పాతదో క్రొత్తదో ఒక తనిఖీ ఉండనే ఉండును గనుక, నడుమ ఒక డిస్కు చెడినను సమాచారము పోదు.

ఒక్క ఖండమును కదల్పని మార్పు

స్థాయిని మార్చుటలో ఇంతకంటె అందమైన ఉపాయములు ఉన్నవి. బింబ పద్ధతిలోని రెండు డిస్కులను అయిదవ స్థాయికి మార్చవలెననుకొందము. రెండు డిస్కుల అయిదవ స్థాయి అనగా వరుసకు ఒక సమాచార ఖండము, ఒక తనిఖీ ఖండము. ఒకే ఖండమునకు సరి బేసి లెక్క కట్టినచో ఏమి వచ్చును? ఆ ఖండమే వచ్చును. అనగా రెండు డిస్కులలోను ఉండునది ఒకటే. అది బింబ పద్ధతియే! కావున ఒక్క ఖండమునైనను కదల్పక, పేరు మాత్రము మార్చి, ఇది అయిదవ స్థాయి కూటమి అని ప్రకటింపవచ్చును. అటుపిమ్మట మూడవ డిస్కును చేర్చి, పైన చెప్పిన రీతిని విస్తరింపవచ్చును.

అయిదవ స్థాయి నుండి ఆరవ స్థాయికి పోవుట ఇంతకంటె చిక్కైనది. నాలుగు డిస్కుల అయిదవ స్థాయిలోను, అయిదు డిస్కుల ఆరవ స్థాయిలోను వరుసకు సమాచార ఖండములు మూడే. వరుసలోని ఖండములు అదే వరుసలో అటునిటు మారవలెను. కనుక పాత భాగమునకును క్రొత్త భాగమునకును నడుమ ఖాళీ ఎన్నడును ఏర్పడదు. ప్రతి వరుసయు అపాయకరమే. ప్రతిదానిని ముందుగా వేరొకచోట ప్రతి వ్రాసి, తరువాత మార్చవలెను. పని మిక్కిలి నెమ్మదించును.

నీల్ బ్రౌన్ దీనికొక నడిమి మెట్టును కల్పించెను. రెండవ తనిఖీని వంతులవారీగా త్రిప్పక, మొత్తము క్రొత్త డిస్కులోనే ఉంచినచో, పాత నాలుగు డిస్కులలో ఏదియు కదలనక్కర లేదు. లెక్క కట్టుచు క్రొత్త డిస్కులో వ్రాసికొనుచు పోవుటయే పని. నడుమ ఏ క్షణమున ఆగినను పాత కూటమి యథాతథముగా ఉండును. పూర్తియైన పిమ్మట రెండు డిస్కులు పోయినను తట్టుకొనును. నాలుగవ స్థాయిలో చెప్పిన ఇబ్బంది కొంత ఇందును ఉండును గనుక, కావలసినవారు తీరికగా వంతుల అమరికకు మార్చుకొనవచ్చును. 2009లో వెలువడిన లినక్సు 2.6.30 కెర్నెల్ తోను, అదే సంవత్సరము వచ్చిన ఎండీఅడ్మ్ 3.1 ఉపకరణముతోను ఈ మార్పులు అందుబాటులోనికి వచ్చినవి. ఆ తరువాత, డిస్కు మొదట కొంత చోటును ఖాళీగా ఉంచి, సమాచారము ఆరంభమగు స్థానమునే జరుపుట ద్వారా, ప్రతులు వ్రాయుటను కూడ తప్పించిరి. వ్రాత ఎప్పుడును ఖాళీ చోటనే పడవలెనను సూత్రమే ఇందును కనబడుచున్నది.

అన్ని వ్యవస్థలకు ఇది సులభము కాలేదు. సన్ సంస్థలో పుట్టిన జెడ్.ఎఫ్.ఎస్. అను నిల్వ వ్యవస్థలో వరుసల పొడవు ఒకే తీరున ఉండదు. అందుచే దాని కూటములకు ఒక్కొక్క డిస్కును చేర్చి విస్తరించు సౌకర్యము 2025 జనవరిలో వెలువడిన ఓపెన్ జెడ్.ఎఫ్.ఎస్. 2.3 వరకు రాలేదు. ఆ విడుదలలో కూడ ఒక తనిఖీ గల కూటమిని రెండు తనిఖీల కూటమిగా మార్చు వీలు కల్పింపబడలేదు.

గ్రహింపదగినది

ఇంత రక్షణ ఉన్నదని డిస్కుల కూటమినే సమాచారమునకు ఏకైక ఆధారముగా భావించుట పొరపాటు. డిస్కు చెడినచో కూటమి కాపాడును. కాని పొరపాటున చెరిపివేసినచో, ఆ చెరిపివేతను కూడ అన్ని డిస్కులపైనను విశ్వాసముతో నమోదు చేయును. అగ్నిప్రమాదము, దొంగతనము మొదలగువానికి కూటమిలోని డిస్కులన్నియు ఒకేసారి గురియగును. స్థాయిని మార్చుటకు పూనుకొనువారు ముందుగా వేరొక చోట ఒక ప్రతిని ఉంచుకొనవలెననుట అందుచేతనే. గణితము సరియైనదైనను తీగె వదులై ఉండవచ్చును. ఆజ్ఞ నిచ్చు మనుష్యుడు ఒక డిస్కుకు మారుగా మరియొకదానిని పేర్కొనవచ్చును.

డిస్కు చెడుటను నివారించుట ఎవరికిని సాధ్యము కాలేదు. చెడును అని ముందుగానే ఒప్పుకొని, చెడినను పని సాగునట్లు అమర్చుట సాధ్యమైనది. విద్యుత్తు పోవును అని ఒప్పుకొని, ఏ క్షణమున పోయినను పాతదో క్రొత్తదో ఒకటి నిండుగా నిలిచి ఉండునట్లు అడుగులు వేయుట సాధ్యమైనది. హామింగ్ నుండి నీల్ బ్రౌన్ వరకు సాగిన ఈ కృషిలో ప్రతి మెట్టునందును పనిచేసినది ఈ ఒప్పుకోలే. క్రొత్తది స్థిరపడునంతవరకు పాతదానిని చెరుపరాదను చిన్న నియమమును, సరి బేసి లెక్క యొక్క బలముతో, కోటానుకోట్ల ఖండములకు అన్వయించుటయే ఇందలి విశేషము.